వాన రోజున మిల్ఫర్డ్ సౌండ్: కోచ్‌లో వెళ్ళి, పడవలో ఫియర్డ్ చూసి రావడం ఎలా

న్యూజిలాండ్ టూర్‌లో మిల్ఫర్డ్ సౌండ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పెట్టుకున్నవాళ్ళలో చాలామంది ముందురోజు రాత్రి ఫోన్లో వాతావరణం చూస్తారు. మేఘం బొమ్మ కింద చినుకులు కనబడగానే టికెట్ రద్దు చేసుకుందామా అని తర్జనభర్జన మొదలవుతుంది. రద్దు చేసుకోకండి. మిల్ఫర్డ్‌ని వానలో చూడటమే సరైన చూపు. ఎండ కాసిన రోజున అక్కడ నిలబడి ఉన్న కొండలు కనబడతాయి. వాన పడ్డ రోజున ఆ కొండలన్నీ పారుతుంటాయి.

హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. మిల్ఫర్డ్‌లో ఏడాదికి సుమారు 6400 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిది రెట్లు. ఏడాదిలో దాదాపు సగం రోజులు అక్కడ వాన పడుతూనే ఉంటుంది. పడమట టాస్మన్ సముద్రం మీంచి వచ్చే తేమగాలి నేరుగా వచ్చి కొండలకు తగిలి పైకి లేస్తుంది, పైన చల్లబడి అక్కడికక్కడే కురిసేస్తుంది. కాబట్టి 'వాన లేని రోజు చూసుకుని వెళ్దాం' అనే లెక్క ఇక్కడ సగం సార్లు తప్పుతుంది. డిసెంబరు, జనవరి అక్కడ వేసవి కదా అనుకుంటారు గానీ వానలు ఎక్కువగా పడేది కూడా ఆ నెలల్లోనే. జూన్ నుంచి ఆగస్టు దాకా కొంత తెరిపి.

వానతో ఏం మారుతుందో తెలిస్తే భయం పోతుంది. మంచు యుగాల్లో హిమానీనదం కొండల్ని నిట్టనిలువుగా కోసేసి వెళ్ళాక ఆ లోయలోకి సముద్రం వచ్చింది. అలా ఏర్పడ్డ ఫియర్డ్ ఇది. సుమారు 15 కిలోమీటర్ల పొడవు, లోతు 290 మీటర్ల దాకా. రెండు పక్కలా గట్టి రాయి. దాని మీద మట్టి లేదనే చెప్పాలి, నాచు, వేళ్ళు అల్లుకున్న పల్చటి పొర ఉంటుంది అంతే. నీటిని పీల్చుకుని దాచుకునేది ఏదీ లేదు. అందుకే పడ్డ వాన పడ్డట్టే కిందికి దూకుతుంది. ఏడాది పొడవునా ఎండిపోని పెద్ద జలపాతాలు రెండే, బోవెన్, స్టర్లింగ్. మిగతావి వందల కొద్దీ, వానతో పుట్టి వానతో పోతాయి. వాన ఆగిన కొన్ని గంటల్లోనే సన్నబడి మాయమవుతాయి.

వాన కన్నా ముఖ్యంగా కనిపెట్టుకోవాల్సినవి రెండున్నాయి. దారి తెరిచి ఉందా, గాలి ఎంత ఉంది. ఇక మీరు పొడిగా, వెచ్చగా ఉండటం మీ చేతుల్లో పని. ఆ వరుసలోనే ఏం చేయాలో చెబుతాం.

ముందుగా: ఎక్కడి నుంచి బయల్దేరాలి

మన వాళ్ళు ఎక్కువగా క్వీన్స్‌టౌన్‌లో దిగి అక్కడి నుంచే ఒక్క రోజులో వెళ్ళి రావాలనుకుంటారు. మ్యాప్‌లో చూస్తే క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. నేరుగా 70 కిలోమీటర్లే. కానీ మధ్యలో కొండలు, రోడ్డు లేదు. దక్షిణంగా దిగి, తె ఆనౌ ఊరు చుట్టి మళ్ళీ ఉత్తరానికి ఎక్కాలి. అది 290 కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ, ఒక వైపుకే. పొద్దున ఏడు ప్రాంతాల కోచ్ (పెద్ద టూరిస్టు బస్సు) ఎక్కితే తిరిగి వచ్చేసరికి రాత్రి ఏడు, ఎనిమిది అవుతుంది. పన్నెండు పదమూడు గంటల రోజు.

తె ఆనౌ నుంచైతే మిల్ఫర్డ్ సుమారు 120 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్తే రెండు గంటలు, ఆగుతూ వెళ్తే మూడు. పడవతో కలిపి మొత్తం ఎనిమిది గంటల్లో ముగుస్తుంది. అమ్మానాన్నల్ని, చిన్నపిల్లల్ని తీసుకెళ్తుంటే తె ఆనౌలో రెండు రాత్రులు బస పెట్టుకోండి. ఖర్చు తగ్గుతుంది, ఒళ్ళు అలవదు. అన్నిటికన్నా ముఖ్యంగా, దారి మూసేస్తే మరుసటి రోజు చేతిలో ఉంటుంది.

జూన్, జూలైలో అయితే క్వీన్స్‌టౌన్ నుంచి ఒక్క రోజు ప్రయాణం మేం సిఫారసు చేయం. సాయంత్రం ఐదుకల్లా చీకటి పడిపోతుంది, తిరుగు ప్రయాణమంతా నల్లటి కిటికీ చూస్తూ కూర్చోవాలి.

కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటే పోలేదా అని అడుగుతారు. అక్కడా మనలాగే ఎడమ వైపు నడపడమే కాబట్టి ధైర్యం వస్తుంది. కానీ వానలో ఆ రోడ్డు కోచ్ డ్రైవర్‌కు వదిలేయడం మేలు. తడిసిన మలుపులు, సొరంగం, చలికాలంలో నల్లమంచు (రోడ్డు మీద కంటికి ఆనని పల్చటి మంచుపొర). చలికాలం, వసంతంలో చక్రాలకు కట్టే గొలుసులు వెంట ఉండి తీరాలని బోర్డు పెడతారు. పైగా నడిపే మనిషి జలపాతాలు చూడలేడు, చూస్తే ఇంకా ప్రమాదం.

టికెట్ తీసుకునేటప్పుడు

కోచ్, పడవ కలిపి ఒకే కంపెనీ దగ్గర ఒకే టికెట్‌గా తీసుకోండి. విడివిడిగా కొంటే కోచ్ ఆలస్యమైన రోజున పడవ మీకోసం ఆగదు, డబ్బు కూడా రాదు. కలిపి కొన్నదైతే వాళ్ళ కోచ్ వచ్చేదాకా వాళ్ళ పడవ ఆగుతుంది, లేదంటే తర్వాతి పడవలో ఎక్కిస్తారు.

డబ్బు కట్టే ముందు రెండు నిబంధనలు చదవండి: మీరు రద్దు చేసుకుంటే ఎన్ని గంటల ముందు దాకా పూర్తి సొమ్ము వస్తుంది, దారి మూసి వాళ్ళే రద్దు చేస్తే సొమ్ము ఇస్తారా, తేదీ మారుస్తారా. 'వెళ్ళేటప్పుడు కోచ్, వచ్చేటప్పుడు చిన్న విమానం' అనే ప్యాకేజీ ఒకటి ఉంటుంది. వాన సూచన ఉంటే దాన్ని తీసుకోకండి. మేఘాలు కిందికి దిగిన రోజున ఆ విమానాలు ఎగరవు, చివరికి కోచ్‌లోనే తిరిగి రావాలి. తేడా డబ్బు తిరిగి ఇచ్చినా మీ సాయంత్రం ప్లాన్ పాడవుతుంది.

తె ఆనౌలో రెండు మూడు రోజులు ఉంటే మొదటి రోజుకే బుక్ చేయండి, చివరి రోజుకు పెట్టుకోకండి. మొదటి రోజు రద్దయితే రెండో రోజుకు జరపొచ్చు. చివరి రోజున రద్దయితే మిల్ఫర్డ్ చూడకుండానే విమానం ఎక్కాల్సి వస్తుంది.

పడవ సమయం ఎంచుకునే వీలుంటే మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య వద్దు. క్వీన్స్‌టౌన్ కోచ్‌లన్నీ ఆ వేళకే వచ్చి పడతాయి. తె ఆనౌ నుంచి వెళ్ళేవాళ్ళకు పొద్దున పది లోపు పడవ, లేదా మూడు తర్వాతది దొరికితే డెక్ మీద చోటే చోటు.

ముందురోజు సాయంత్రం: సూచన చదవడం

ఫోన్‌తో పాటు వచ్చే వాతావరణ యాప్ మీద ఆధారపడకండి. న్యూజిలాండ్ వాతావరణ సంస్థ మెట్‌సర్వీస్ పేజీలో మిల్ఫర్డ్ సౌండ్ అని ప్రత్యేకంగా చూడండి. తె ఆనౌ సూచన చూసి మోసపోతుంటారు. కొండలకు ఇటు వైపు తె ఆనౌలో ఎండ, అటు వైపు మిల్ఫర్డ్‌లో కుండపోత, లేదా దానికి తలకిందులుగా, రెండూ మామూలే.

వాన ఎంత అన్నది కాదు, ఎప్పుడు అన్నది చూడండి. అన్నిటికన్నా మంచి రోజు ఇలా ఉంటుంది: రాత్రంతా గట్టిగా కురిసి, తెల్లవారాక జల్లుగా మారి, మధ్యమధ్య మేఘం పైకి లేస్తూ ఉండాలి. అప్పుడు జలపాతాలూ ఉంటాయి, వాటి పైన కొండలూ కనిపిస్తాయి. పొద్దంతా కుండపోత ఉంటే జలపాతాలు ఇంకా ఉధృతంగా ఉంటాయి గానీ దాదాపు 1,700 మీటర్ల మైటర్ శిఖరం కొసలు కనబడవు. ఈ బేరం తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. ఫొటోల్లో చూసిన ఆ ముక్కోణపు శిఖరమే కావాలనుకునేవాళ్ళు మాత్రం తెరిపి రోజు కోసం ఆగాలి.

గాలి సంగతి వేరు. వాయవ్యం నుంచి ఈదురుగాలి హెచ్చరిక ఉంటే పడవ టాస్మన్ సముద్రం అంచుదాకా పోకుండా లోపలి నుంచే తిప్పేయవచ్చు. ఆ గాలిలో చిన్న జలపాతాలు కింద పడకుండా పైకి ఎగిరిపోతాయి, అది చూడదగ్గదే, కానీ డెక్ మీద ఐదు నిమిషాలు నిలబడటం కష్టం.

ఇక దారి. న్యూజిలాండ్ రవాణా సంస్థ వెబ్‌సైట్లో స్టేట్ హైవే 94, మిల్ఫర్డ్ రోడ్ అని ఉంటుంది. పడుకునే ముందు ఒకసారి, నిద్ర లేవగానే ఒకసారి చూడండి. ఆ రోడ్డు మూయడానికి కారణాలు మూడు రకాలు: చలికాలం, వసంతంలో మంచు చరియలు, భారీ వానకు విరిగిపడే కొండ, పొంగే వాగులు, గాలికి అడ్డంగా పడే చెట్లు. 2020 ఫిబ్రవరిలో రెండున్నర రోజుల్లో వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురిసి రోడ్డు చాలా చోట్ల కొట్టుకుపోయింది. మిల్ఫర్డ్‌లో చిక్కుకున్న వందలమందిని హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. కాబట్టి మూసివేశామని చెబితే వాదించడానికేమీ లేదు. బుకింగ్‌లో అక్కడ పనిచేసే ఫోన్ నంబర్ ఇవ్వండి. రద్దు కబురు పొద్దున్నే మెసేజ్‌లో వస్తుంది, ఇండియా నంబర్ ఇచ్చి రోమింగ్ ఆపేసుకుంటే కోచ్ ఆగే చోట చలిలో నిలబడి ఎదురు చూడటమే.

ఒంటి మీద ఏం ఉండాలి

గొడుగు తీసుకెళ్ళకండి. పడవ మీద గాలికి తిరగబడుతుంది, పక్కవాళ్ళ కంట్లో గుచ్చుకుంటుంది. జీన్స్ కూడా వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, సాయంత్రం దాకా ఆరదు, అలాగే నాలుగు గంటలు కోచ్‌లో కూర్చోవాలి.

లోపల థర్మల్ బనియను, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, పైన టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్. కాళ్ళకు త్వరగా ఆరే ప్యాంటు, దాని మీద తొడుక్కునే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. ఈ ఆఖరిదాన్ని అందరూ వదిలేస్తారు, పడవలో అందరూ వణికేది మోకాళ్ళ కింద తడిసినందుకే. జాకెట్ మీంచి కారిన నీళ్ళన్నీ తొడల మీదే పడతాయి. చీర కట్టుకునే పెద్దవాళ్ళకు కూడా ఆ ఒక్క రోజు సల్వార్ మీద వానప్యాంటు వేయించండి. తడిసిన కుచ్చిళ్ళతో జారే మెట్లెక్కడం ప్రమాదం. చెప్పులు వద్దు, అడుగు పట్టు ఉన్న బూట్లు కావాలి.

వేసవిలో కూడా మిల్ఫర్డ్‌లో పగటి వేడి సగటున 19 డిగ్రీలు దాటదు. వాన రోజున ఇంకా తక్కువ, నడిచే పడవ మీద గాలి తోడై మరీ చలి. చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు బ్యాగులో ఉండాలి. వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ వానకోట్లు రెండు గాలి విసుర్లకు చిరిగిపోతాయి, వాటిని లెక్కలో పెట్టుకోకండి. కొన్ని పడవల్లో వానకోట్లు అరువిస్తారు, అడిగి చూడండి.

కోచ్‌లోనే వదిలి వెళ్ళడానికి ఒక చిన్న సంచీ విడిగా కట్టుకోండి: మనిషికి ఒక జత పొడి సాక్సులు, ఒక తువ్వాలు, పిల్లలకు మొత్తం ఒక జత బట్టలు, తడివి వేసుకోవడానికి ప్లాస్టిక్ కవర్లు. పడవ దిగి వచ్చాక ఈ సంచీ విలువ తెలుస్తుంది.

మిల్ఫర్డ్ ఉన్న ఫియర్డ్‌లాండ్ ప్రాంతంలో సాండ్‌ఫ్లై అనే చిన్న నల్ల ఈగలు ఉన్నాయి. కుడితే వారం రోజులు దురద. జోరువానలో, గాలిలో ఇవి ఎగరవు. వాన ఆగి మబ్బు పట్టి, గాలి లేనప్పుడు మీద పడతాయి, అదీ మనం కదలకుండా నిలబడ్డప్పుడు. డీట్ లేదా పికారిడిన్ ఉన్న మందు చీలమండలకు, మణికట్లకు, మెడకు రాసుకోండి.

తిండి

తె ఆనౌ దాటాక మిల్ఫర్డ్ దాకా దుకాణం లేదు. క్వీన్స్‌టౌన్ కోచ్‌లు తె ఆనౌలో కాసేపు ఆపుతాయి, ఆ సమయంలోనే నీళ్ళు, తినేవి కొనుక్కోవాలి. పడవలో టీ, కాఫీ దొరుకుతాయి. భోజనం కావాలంటే టికెట్‌తో పాటే ముందుగా చెప్పాలి, శాకాహారమైతే ఆ మాట అప్పుడే రాయించాలి. పడవ ఎక్కాక అడిగితే చిప్స్, మఫిన్‌లే మిగులుతాయి.

బసలో వంటగది ఉంటే పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకోవడం మంచి పద్ధతి. చల్లారినా బాగుంటుంది, చేతికి జిడ్డు తక్కువ, కడుపు నిండుతుంది. పెరుగన్నం ఆ చలిలో పిల్లలు తినరు. కోచ్ లోపల తినొచ్చో లేదో డ్రైవర్‌ని అడగండి, వాసన వచ్చే వేడి తిండి చాలా కోచ్‌లలో ఒప్పుకోరు. ఫ్లాస్కులో అల్లం టీ మాత్రం తప్పనిసరి.

ఇండియా నుంచి పచ్చళ్ళు, పొడులు తెచ్చుకునేవాళ్ళు దిగేటప్పుడు డిక్లరేషన్‌లో తిండి పదార్థాలున్నాయని తప్పకుండా రాయండి. రాస్తే చూసి పంపిస్తారు, లేదా పనికిరానిది తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. తేనె అసలు తేకూడదు. బూట్ల అడుగున మట్టి కూడా లేకుండా కడుక్కుని రండి, దాన్నీ చూస్తారు.

కోచ్‌లో

వాన రోజున ముందు వరుస సీటుకు మించింది లేదు. ఎదుటి అద్దానికి వైపర్లు ఉంటాయి, పక్క అద్దాలకు ఉండవు. కూర్చునే చోటు మన ఇష్టమైతే పదిహేను నిమిషాలు ముందే వెళ్ళి నిలబడండి. పైకప్పుకు అద్దాలున్న కోచ్ దొరికితే ఇంకా మంచిది, సొరంగం దగ్గర కొండగోడలు తలెత్తితే తప్ప కనబడవు. క్వీన్స్‌టౌన్ నుంచి దిగేటప్పుడు వాకటీపు సరస్సు కుడి వైపు. తె ఆనౌ నుంచి పైకి వెళ్ళేటప్పుడు తె ఆనౌ సరస్సు ఎడమ వైపు. రెండూ కావాలంటే మధ్యలో తె ఆనౌలో సీటు మారాలి.

తడి జాకెట్లతో నలభై మంది ఎక్కితే అద్దాలు లోపలి నుంచి మసకబారతాయి. చేత్తో తుడిస్తే జిడ్డు మరక పడి ఇంకా పాడవుతుంది. కళ్ళజోడు తుడిచే లాంటి మైక్రోఫైబర్ గుడ్డ కాస్త పెద్దది జేబులో పెట్టుకోండి. తడి జాకెట్ విప్పి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే మసక తగ్గుతుంది.

వాంతులయ్యేవాళ్ళు అవోమిన్ లాంటి మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. అది నిద్ర తెప్పిస్తుంది, మోతాదు డాక్టర్‌ని అడిగి ఉంచుకోండి. తె ఆనౌ నుంచి ఎగ్లింటన్ లోయ దాకా రోడ్డు తిన్నగానే ఉంటుంది, మలుపులన్నీ డివైడ్ కనుమ తర్వాతే. అప్పుడు ఫోన్ చూడకుండా దూరంగా రోడ్డు వైపు చూస్తూ కూర్చోండి.

ఆపే చోట్లలో మిర్రర్ లేక్స్ పేరు ఊరిస్తుంది. నిశ్చలంగా ఉంటే కొండలు నీళ్ళలో కనిపిస్తాయి, చినుకు పడితే ఏమీ కనిపించదు. వానలో దాని కోసం తడవకండి. నాబ్స్ ఫ్లాట్ దగ్గర మరుగుదొడ్లున్నాయి, అక్కడ మాత్రం అవసరం లేదనిపించినా దిగండి. తర్వాత చాలాసేపు వీలు కాదు. మంకీ క్రీక్ దగ్గర ఆపితే దిగి చుట్టూ చూడండి. వాన గట్టిగా ఉన్న రోజున అక్కడి నుంచే అసలు దృశ్యం మొదలవుతుంది. కియా అనే పచ్చటి పెద్ద కొండచిలుకలు కోచ్ చుట్టూ చేరతాయి. తిండి పెట్టకండి, వాటి ఆరోగ్యానికి చేటు. బ్యాగు జిప్పు తెరిచి కింద పెట్టకండి, ముక్కుతో లాగేస్తాయి. తె ఆనౌ దాటిన కాసేపటికే ఫోన్ సిగ్నల్ పోతుంది. ఇంట్లోవాళ్ళకు సాయంత్రం దాకా ఫోన్ కలవకపోవచ్చని ముందే చెప్పి ఉంచండి.

హోమర్ సొరంగం సముద్రమట్టానికి సుమారు 945 మీటర్ల ఎత్తున ఉంది, పొడవు 1.2 కిలోమీటర్లు. 1935లో చేతి పనిముట్లతో తవ్వడం మొదలుపెట్టారు, వాహనాలు పోవడానికి 1954 అయింది. లోపల చెక్కిన రాతిగోడల మీంచి నీళ్ళు కారుతుంటాయి, దారి మిల్ఫర్డ్ వైపు బాగా వాలుగా దిగుతుంది. ముందు సిగ్నల్ దగ్గర కొన్ని నిమిషాల నుంచి పావుగంట దాకా ఆగాల్సి రావచ్చు. ఆ ఆగిన సమయాన్ని వృథా చేయకండి. మూడు వైపులా నిలువు రాతిగోడ, పెంకుటింటి చూరు నుంచి కారినట్టు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నీటి ధారలే. లెక్కపెట్టడం మొదలుపెడితే మధ్యలో ఆపేస్తారు. మంచు చరియల కాలంలో అక్కడ దిగనివ్వరు, కూర్చున్న చోటి నుంచే చూడాలి.

ఇటు వాన లేదని నిరాశపడకండి. సొరంగం అవతల వేరే వాతావరణం ఉండొచ్చు.

పడవ మీద

రేవు దగ్గర పడవకు ఇరవై నిమిషాల ముందైనా ఉండాలి. కోచ్ దిగే ముందే వానప్యాంటు తొడుక్కోండి, రేవు లోపల జనంలో ఒంటికాలి మీద నిలబడి తొడుక్కోవడం కష్టం. ఎక్కగానే అందరూ కిటికీ పక్క బల్లల కోసం పరుగెత్తుతారు. పెద్దవాళ్ళకు ఒక బల్ల పట్టుకోండి, సామాను అక్కడ పెట్టండి, మీరు బయటికి వచ్చేయండి. కిటికీ అద్దం మీద వాన కారుతుంటే లోపలి నుంచి కనిపించేది ఏమీ ఉండదు.

ప్రయాణం సుమారు రెండు గంటలు. సాధారణంగా పడవలు వెళ్ళేటప్పుడు మైటర్ శిఖరం ఉన్న దక్షిణపు గోడ పక్కగా పోయి, సముద్రం అంచున తిరిగి, ఉత్తరపు గోడ పక్కగా వస్తాయి. అంటే రెండు దారుల్లోనూ దగ్గరి కొండ ఎడమ చేతి వైపే. డెక్ మీద ఎడమ కటకటాల పక్కన చోటు చూసుకుంటే రెండు గంటలూ మారనక్కర్లేదు. వానను బట్టి కెప్టెన్ దారి మార్చవచ్చు కాబట్టి ఎక్కేటప్పుడు సిబ్బందిని ఒక మాట అడగండి.

రెండు గంటలూ తడుస్తూ నిలబడక్కర్లేదు. పది నిమిషాలు బయట, ఐదు నిమిషాలు లోపల వేడి టీ, ఇలా విడతలుగా చేస్తే పిల్లలు కూడా తట్టుకుంటారు. ఎక్కువ పడవల్లో పైడెక్ కింద వెనక భాగంలో కప్పు ఉన్న చోటు ఉంటుంది. గాలి ఎదురుగా తగలదు, వాన పడదు, దాటిపోయిన జలపాతం పూర్తిగా కనిపిస్తుంది. ముందుభాగంలో నిలబడి మొహం మీద వాన కొట్టించుకునేవాళ్ళ కన్నా ఇక్కడ నిలబడ్డవాళ్ళే ఎక్కువ చూస్తారు. చాలామంది దాన్ని పట్టించుకోరు.

తప్పకుండా బయట ఉండాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. బయల్దేరగానే బోవెన్ జలపాతం, 162 మీటర్లు, ఆ చిన్న ఊరికి నీళ్ళూ కరెంటూ ఇచ్చేది ఇదే. తర్వాత మైటర్ శిఖరం కింద నుంచి పోయేటప్పుడు మెడ పూర్తిగా వెనక్కి వంచి చూడండి. జలపాతం ఎక్కడ మొదలైందో మేఘంలో కలిసిపోయి తెలియదు, నీళ్ళు ఆకాశం నుంచి నేరుగా పడుతున్నట్టుంటుంది. కాపర్ పాయింట్ దగ్గర గాలి ఒక్కసారి విసురుతుంది. టోపీ కట్టుకోండి, పిల్లల చెయ్యి పట్టుకోండి. సముద్రం అంచున పదిపదిహేను నిమిషాలు పడవ ఊగుతుంది, కళ్ళు తిరిగేవాళ్ళు కింది అంతస్తులో మధ్యభాగంలో, దూరపు ఒడ్డు చూస్తూ ఉండాలి. పైఅంతస్తు ఎక్కువ ఊగుతుంది.

తిరుగు దారిలో ఒక బండ మీద సీల్స్ పడుకుని ఉంటాయి, వాన వాటికి పట్టదు. ఆ తర్వాత స్టర్లింగ్ జలపాతం, ఎత్తు 150 మీటర్ల పైన. పడవ ముక్కును జలపాతం కిందికే తీసుకెళ్తారు. నీళ్ళు మీద పడకముందే చల్లటి గాలి తోసుకొస్తుంది, చప్పుడుకు పక్క మనిషి మాట వినబడదు. వాన రోజున ఇది మామూలు రోజు కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. ముందుభాగంలో నిలబడ్డవాళ్ళు క్షణాల్లో నిలువునా తడుస్తారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోండి, ఫోన్ లోపలి జేబులోకి, ఒక చెయ్యి కటకటాల మీద. తడవకూడదనుకుంటే మైకులో చెప్పగానే వెనక్కి వచ్చేయండి, చివరి నిమిషంలో తడి డెక్ మీద పరుగెత్తి జారిపడతారు.

హారిసన్ కోవ్ దగ్గర నీళ్ళను గమనించండి, టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. అడవిలోంచి వచ్చిన వాననీరు ఆకుల, వేళ్ళ రంగు పట్టి ఉప్పునీటి మీద పొరగా తేలుతుంది. ఆ పొర వెలుగును అడ్డుకోవడం వల్ల లోతు సముద్రంలో ఉండే నల్ల పగడాలు ఇక్కడ తక్కువ లోతులోనే పెరుగుతాయి. అక్కడి అండర్‌వాటర్ అబ్జర్వేటరీలో పది మీటర్లు కిందికి దిగి చూడొచ్చు, అది అన్ని టికెట్లలో ఉండదు, ముందే చూసుకోవాలి. పైన వాన ఎంత ఉన్నా కింద ఒకటే.

ఫోన్, కెమెరా

తడి చేతులతో టచ్‌స్క్రీన్ మాట వినదు. ఫోన్లో వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీసే పద్ధతి ముందే పెట్టుకోండి. జిప్ కవర్లో ఫోన్ ఉంచి తీస్తే మసకగా వస్తుంది. కవర్ దాచుకోవడానికే, తీసేటప్పుడు బయటికి తీయాలి. గాలికి వీపు పెట్టి నిలబడి, ఒంటి అడ్డులో తీసి, వెంటనే లోపల పెట్టేయండి. ప్రతి రెండు ఫొటోలకోసారి లెన్స్ తుడవండి. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నింట్లోనూ మధ్యలో ఒక పెద్ద చినుకు మచ్చ ఉండటం ఇక్కడ అందరికీ జరిగేదే.

కెమెరా ఉన్నవాళ్ళు లెన్స్ హుడ్ పెట్టండి. పడవ కదులుతూ ఉంటుంది, మబ్బు వెలుతురు తక్కువ. షట్టర్ 1/500కు తగ్గకుండా, ఐఎస్ఓ 800 నుంచి 1600 దాకా పెంచుకోండి. ఫొటోలో ఆకాశం ఎంత తగ్గిస్తే అంత బాగుంటుంది, తెల్లటి మబ్బు చుట్టూ ఉన్నదాన్ని నల్లగా చేసేస్తుంది. ఫ్రేములో ఇంకో పడవ పడేలా చూడండి, లేకపోతే ఆ గోడల ఎత్తు ఎవరికీ అర్థం కాదు. చల్లటి డెక్ మీంచి వెచ్చటి క్యాబిన్‌లోకి కెమెరా తెచ్చినప్పుడు లెన్స్ మీద తేమ పడుతుంది. బయటే జిప్ కవర్లో వేసి మూసి లోపలికి తెండి, పావుగంట తర్వాత తెరవండి.

పడవ దిగాక

కోచ్ ఎక్కగానే ముందు సాక్సులు మార్చండి. తడి కాళ్ళతో ఎంత హీటర్ వేసినా చలి పోదు. పిల్లల బట్టలు మార్చడం రేవు దగ్గరి మరుగుదొడ్ల దగ్గరే ముగించుకోండి. వచ్చేటప్పుడు అందరూ నిద్రపోతారు. సొరంగం దాటేదాకా మాత్రం మేలుకుని ఉండండి. పొద్దున మబ్బు కప్పేసిన గోడలు సాయంత్రం బయటపడి ఉండవచ్చు. బసకు చేరాక బూట్లలో పాత పేపర్లు కుక్కి, రెండు గంటలకోసారి మార్చితే తెల్లారేసరికి ఆరతాయి. హీటర్‌కు ఆనించి పెడితే తోలు బిగుసుకుని పగుళ్ళిస్తుంది, అడుగు ఊడుతుంది.

పొద్దున్నే దారి మూశారని మెసేజ్ వస్తే

తె ఆనౌలో ఉన్నవాళ్ళు రోజును వదులుకోనక్కర్లేదు. వెంటనే రెండు పనులు చేయండి. మొదటిది, మిల్ఫర్డ్ టికెట్‌ను మరుసటి రోజుకు జరపమని కంపెనీకి ఫోన్ చేయడం. అదే పనిమీద అందరూ ఫోన్ చేస్తారు కాబట్టి ముందు చేసినవాళ్ళకే సీటు. రెండోది, డౌట్‌ఫుల్ సౌండ్‌కు ఆ రోజు సీట్లున్నాయేమో అడగడం. అదీ ఫియర్డే, మిల్ఫర్డ్ కన్నా చాలా పెద్దది, దాదాపు 40 కిలోమీటర్ల పొడవు. తె ఆనౌ నుంచి 20 కిలోమీటర్ల దూరంలోని మానపౌరి వెళ్ళి, సరస్సు మీద పడవ, తర్వాత విల్మట్ కనుమ మీదుగా 22 కిలోమీటర్లు కోచ్, మళ్ళీ ఫియర్డ్‌లో పడవ. హోమర్ సొరంగం దారితో దానికి సంబంధం లేదు, అందుకే మిల్ఫర్డ్ రోడ్డు మూసిన రోజున కూడా అది నడిచే అవకాశం ఉంటుంది. రోజంతా పడుతుంది, టికెట్ ధర ఎక్కువ, పొద్దున్నే బయల్దేరిపోతుంది. కాబట్టి మెసేజ్ చూసిన పది నిమిషాల్లో నిర్ణయం తీసుకోవాలి. ఆ సీట్లూ దొరక్కపోతే తె ఆనౌ సరస్సు అవతలి గ్లోవార్మ్ (చీకట్లో వెలిగే పురుగుల) గుహలకు పడవలో వెళ్ళి రండి. గుహలో వానతో పనిలేదు, రెండున్నర గంటల్లో తిరిగి వచ్చేయొచ్చు. వచ్చాక మళ్ళీ రోడ్డు సమాచారం చూడండి, సాయంత్రానికి తెరిస్తే మర్నాటి పొద్దుటి కోచ్‌కే వెళ్ళండి. రోజంతా కురిసి తెరిపిచ్చిన మర్నాడు కాబట్టి పొద్దుటి పడవకు జలపాతాలు ఇంకా దూకుతూనే ఉంటాయి, మధ్యాహ్నానికి సగం పోతాయి.